చదవాలనుకుంటే చాలదు, ఏర్పాటు కావాలి

“చదవాలని ఉంది కానీ కుదరడం లేదు.” ఈ మాట మన చుట్టూ ఎంతమంది నోట వింటున్నామో! చాలామంది నిజాయితీగానే అంటారు. పుస్తకాలు దొరక్క అంటున్న మాట కాదది. చెన్నైలోని చింతాద్రిపేటనే తీసుకోండి. కూవం నది వంతెన దాటి ఎగ్మూరు వైపు నడిస్తే పాంథియన్ రోడ్డులో కన్నెమరా గ్రంథాలయం వస్తుంది. ఇటు మౌంట్ రోడ్డు ఎక్కితే దేవనేయ పావాణర్ గ్రంథాలయం ఉంది. 1844లో మొదలైన హిగ్గిన్‌బాథమ్స్ పుస్తకాల షాపు కూడా ఆ రోడ్డు మీదే. చెన్నై పుస్తక ప్రదర్శన మొట్టమొదట 1977లో జరిగింది కూడా మౌంట్ రోడ్డులోని మదరసా-ఏ-ఆజం బడి ఆవరణలోనే. అంతా నడిచి వెళ్లగల దూరం. అయినా ఏడాది తిరిగేసరికి ఒక్క పుస్తకమైనా పూర్తికాని ఇళ్లు ఈ పేటలోనూ ఉన్నాయి, మీ ఊళ్లోనూ ఉన్నాయి.

పుస్తకాలున్నాయి, కోరికా ఉంది. మరి ఏది లేదు? ఏర్పాటు లేదు. ఎక్కడ కూర్చోవాలి, ఎప్పుడు చదవాలి, ఎంతకాలంలో ముగించాలి, తరువాత ఏం చదవాలి అన్నవి ముందే తేల్చుకోకపోతే చదువు ఎప్పుడూ రేపటి పనిగానే మిగిలిపోతుంది.

గ్రంథాలయాలను నిలబెట్టిన పెద్దలకు ఈ సంగతి బాగా తెలుసు. “చదవండి” అని జనానికి నీతులు చెప్పి వాళ్లు ఊరుకోలేదు. గది చూశారు, డబ్బుకు దారి చూశారు, వేళలు పెట్టారు, గడువు పెట్టారు, పుస్తకాన్ని మనిషి దగ్గరికి తీసుకెళ్లారు. వాళ్లు ఊరి కోసం చేసిన ఏర్పాట్లను మీ ఒక్కరి కోసం మీరు చేసుకోండి. చదివే అలవాటు దానంతటదే నిలబడుతుంది. అవేమిటో ఒక్కొక్కటిగా చూద్దాం.

1. ఇంట్లో ఉన్న పుస్తకంతో మొదలుపెట్టండి

కన్నెమరా ఎలా పుట్టిందో తెలుసా? ఈస్టిండియా కంపెనీ తన ఉద్యోగులకు తర్ఫీదు ఇవ్వడానికి ఇంగ్లండులోని హెయిలీబరీలో ఒక కాలేజీ నడిపేది. అది మూతపడ్డాక, అక్కడ మిగిలిన పుస్తకాలు కొన్ని మద్రాసుకు వచ్చాయి. వాటిని ఎగ్మూరు మ్యూజియంలో ఉంచారు. ఎవరికో అక్కర తీరిపోయిన ఆ పుస్తకాలతోనే ఈ గ్రంథాలయానికి బీజం పడింది. 1890లో శంకుస్థాపన జరిగింది, 1896లో తలుపులు తెరుచుకున్నాయి. దేశంలో అచ్చయ్యే పుస్తకాల ప్రతులను ప్రచురణకర్తలు తప్పనిసరిగా పంపవలసిన నాలుగు గ్రంథాలయాల్లో ఇవాళ అదొకటి. 1954 నాటి చట్టం పెట్టిన నియమమిది. తెలుగు పుస్తకాలకూ వర్తిస్తుంది.

అంత పెద్ద సంస్థే చేతికందిన పుస్తకాలతో మొదలైనప్పుడు మనకు సరైన జాబితా కోసం ఎదురుచూపులెందుకు? “చచ్చేలోగా చదవాల్సిన వంద పుస్తకాలు” వంటి పట్టికలు పక్కన పెట్టండి. ఈ సాయంత్రం మీ ఇంట్లో ఉన్న పుస్తకాలన్నీ బయటికి తీయండి. పెళ్లిలో బహుమతిగా వచ్చినవి, పిల్లలకు బడిలో ఇచ్చినవి, తాతయ్య పెట్టెలో ఉన్నవి, ప్రదర్శనలో మోజుపడి కొన్నవి, అన్నీ. ఒక్కొక్కదాన్ని మధ్యలో తెరిచి ఒక పేజీ చదవండి. రెండో పేజీ తిప్పాలనిపించిన పుస్తకమే మీ మొదటి పుస్తకం. అది గొప్పదా కాదా అన్న విచారణ ఇప్పుడు వద్దు. ఒక్కదాన్నే ఎంచుకోండి. ఒకేసారి నాలుగు మొదలుపెట్టినవాళ్లు సాధారణంగా నాలుగూ వదిలేస్తారు.

2. మొదటి విసుగును తీర్పుగా తీసుకోవద్దు

భారతదేశంలో గ్రంథాలయ శాస్త్రానికి పితామహుడిగా పేరు పొందిన ఎస్.ఆర్. రంగనాథన్ అసలు లెక్కల మాస్టారు. శీర్గాళిలో 1892లో పుట్టి, మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో గణితం చెప్పేవారు. 1924లో మద్రాసు విశ్వవిద్యాలయానికి మొదటి లైబ్రేరియన్‌గా చేరారు. చేరిన కొద్ది రోజులకే ఆ పని మీద విసుగు పుట్టింది. విద్యార్థులతో కళకళలాడే తరగతి గది వదిలి వచ్చిన మనిషికి ఆ ఒంటరితనం భరించరానిదైంది. మళ్లీ పాఠాలు చెప్పుకుంటానని పై అధికారులను అడిగారు. ముందు లండన్ వెళ్లి గ్రంథాలయ విద్య చదివి రమ్మని, అప్పటికీ ఇష్టం లేకపోతే చూద్దామని వాళ్లన్నారు.

ఆయన వెళ్లారు. అక్కడ ఎన్నో గ్రంథాలయాలు తిరిగి చూశారు. మామూలు జనం, పిల్లలు, కార్మికులు పుస్తకాలను ఎలా వాడుకుంటున్నారో గమనించారు. తిరిగొచ్చాక సుమారు రెండు దశాబ్దాలు అదే ఉద్యోగంలో ఉన్నారు. గ్రంథాలయ శాస్త్రానికి అయిదు సూత్రాలు చెప్పిన ఆయన పుస్తకం 1931లో వచ్చింది. పుస్తకాల వర్గీకరణకు ఆయన సొంతంగా రూపొందించిన కోలన్ పద్ధతి 1933లో అచ్చయింది.

మొదటి వారంలో కలిగిన విసుగునే ఆయన చివరి మాటగా తీసుకుని ఉంటే ఇవేవీ జరిగేవి కావు. మనం మాత్రం అయిదు పేజీలకే “నాకు పుస్తకాలు పడవు” అని తేల్చేస్తాం. చాలాకాలం తరువాత చదవడానికి కూర్చుంటే మనసు నిలవకపోవడం సహజం. ఫోన్‌లో క్షణానికో దృశ్యం మారడానికి అలవాటుపడిన కళ్లు ఒకే పేజీ మీద ఆగడానికి కొంత సమయం తీసుకుంటాయి. అందుకే ప్రతి పుస్తకానికీ మూడు సార్లు కూర్చునే అవకాశం ఇవ్వండి. మూడో రోజు కూడా అది మిమ్మల్ని లోపలికి పిలవకపోతే నిశ్చింతగా మూసేసి ఇంకొకటి తీయండి. అందులో తప్పేమీ లేదు. మీరు వదిలింది ఆ ఒక్క పుస్తకాన్నే. చదవడాన్ని మాత్రం వదలకండి.

రంగనాథన్ మనసు మారడంలో ఆ గ్రంథాలయాల పాత్ర పెద్దదని కూడా గుర్తుంచుకోండి. అక్కడ ఇతరులు చదువుతుండగా ఆయన దగ్గరగా చూశారు. మీకు ఇంట్లో మనసు కుదరకపోతే ఒక గంట ఏదైనా గ్రంథాలయం రీడింగ్ హాల్లో కూర్చోండి. చుట్టూ పదిమంది తలవంచి చదువుకుంటుంటే మీ చేతిలోని పుస్తకమూ ముందుకు కదులుతుంది.

3. పుస్తకాన్ని మీ దారిలో పెట్టండి

1935లో గ్రంథాలయోద్యమ కార్యకర్త పాతూరి నాగభూషణం గారు గుంటూరు జిల్లాలో ఒక అపురూపమైన పని చేశారు. కొల్లిపర, పెదవడ్లపూడి మధ్య కాలువలో పడవ గ్రంథాలయం నడిపారు. ఆ రోజుల్లో అక్కడి జనానికి పడవే ప్రయాణ సాధనం. పడవ ప్రయాణమంటే గంటల తరబడి కూర్చోవడం. కాలువ ఒడ్డునున్న ఊళ్లకు పుస్తకాలు అందాయి, పడవలో ఖాళీగా కూర్చున్నవాళ్లకూ అందాయి. పాఠకుడు గ్రంథాలయానికి రావాలని ఎదురుచూడకుండా, అతను ఎటూ వెళ్లే దారిలోనే పుస్తకం పెట్టారు.

మీ కాలువ ఏది? రోజూ మీరు ఎక్కడెక్కడ ఎదురుచూస్తారో ఒకసారి లెక్క వేసుకోండి. చింతాద్రిపేట స్టేషన్లో వేళచ్చేరి రైలు కోసం నిలబడే పది నిమిషాలు, ట్యూషన్ అయ్యేదాకా పిల్లల కోసం గేటు దగ్గర గడిపే అరగంట, డాక్టరు పిలిచేదాకా ఆసుపత్రి బెంచీ మీద కూర్చునే సమయం, కుక్కరు కూత వేసేదాకా వంటింట్లో ఉండే సమయం. ఇవన్నీ ఇప్పుడు ఫోను పాలవుతున్నాయి. కారణం, అక్కడ చేతికి అందేది అదొక్కటే కావడం.

కాబట్టి పుస్తకం అలమరాలో ఉండకూడదు. చదువుతున్న పుస్తకాన్ని పొద్దున ఆఫీసు సంచీలో, సాయంత్రం వంటింటి గట్టు మీద, రాత్రి తలగడ పక్కన ఉంచండి. ఆ ఒక్కదాన్నే మీ వెంట తిప్పండి. పడుకునేటప్పుడు ఫోనును పక్క గదిలో చార్జింగ్ పెట్టి, ఆ చోట పుస్తకం పెట్టండి. చేయి చాస్తే ఏది తగులుతుందో అదే మన అలవాటవుతుంది.

4. చదువుకు సెస్సు కట్టండి

స్వాతంత్ర్యం వచ్చాక దేశంలో వచ్చిన మొదటి పౌర గ్రంథాలయాల చట్టం 1948 నాటి మద్రాసు చట్టం. దాని వెనుక రంగనాథన్ కృషి ఉంది. ఆ చట్టంలోని ముఖ్యమైన తెలివి ఏమిటంటే, గ్రంథాలయాన్ని దాతల దయకు వదలలేదు. ఇంటి పన్నుతో పాటే గ్రంథాలయ సెస్సు, అంటే గ్రంథాలయాలకే కేటాయించిన అదనపు పన్ను, వసూలు చేయాలని పెట్టింది. తెలుగు రాష్ట్రాల్లోనూ ఇదే పద్ధతి. ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయాలకు వెళ్లాలి. ఒక్కొక్క ఇంటికి అది చాలా చిన్న మొత్తం. ఏటేటా, అడగకుండా, తప్పకుండా రావడంలోనే దాని బలం ఉంది.

మీ సమయం మీద ఇదే సెస్సు వేసి చూడండి. రోజుకు 3 గంటలు ఫోను చూస్తారనుకుందాం. అంటే 180 నిమిషాలు. నూటికి 8 చొప్పున 14 నిమిషాలు చదువుకు తీయండి. పేజీకి రెండు నిమిషాలు పట్టినా రోజుకు 7 పేజీలు. నెల తిరిగేసరికి 210 పేజీలు, అంటే ఒక మామూలు పుస్తకం. ఏడాదికి పన్నెండు! ఉన్న మూడు గంటల ఫోనులో రెండు గంటల ముప్పావు మీకు మిగిలే ఉంటుంది. “ఫోను పూర్తిగా మానేస్తాను” అని ఒట్టు పెట్టుకునేవాళ్ల కంటే, రోజూ 14 నిమిషాలు పక్కకు తీసేవాళ్లే చివరికి ఎక్కువ చదువుతారు.

ఆ 14 నిమిషాలకూ ఒక వేళ కట్టండి. చింతాద్రిపేటను 1734లో కూవం వంపులో నేత కుటుంబాల కోసమే కట్టారు. ఆ నేతగాళ్లకు తెలిసిన సంగతే: మగ్గం మీద ముందు పడుగు బిగించనిదే పేక ఆడదు. రోజూ మారని వేళ పడుగు, మారుతూ ఉండే పుస్తకాలు పేక. పొద్దున కాఫీ తరువాతో, రాత్రి భోజనం తరువాతో, మీ ఇంటి సందడిని బట్టి వేళను మీరే ఎంచుకోండి. ఎంచుకున్నాక మాత్రం మార్చకండి.

డబ్బుకూ సెస్సు పెట్టుకోండి. జీతం వచ్చిన రోజునే కొద్ది మొత్తం పుస్తకాల కోసం విడిగా ఉంచండి. ఆ డబ్బుతో ప్రతి నెలా కొనాలని లేదు. జనవరిలో చెన్నై పుస్తక ప్రదర్శనకో, విజయవాడ పుస్తక మహోత్సవానికో వెళ్లినప్పుడు చేతిలో పైకం ఉంటుంది. ఆ రోజు వెనకాడకుండా మంచి పుస్తకం కొనుక్కుంటారు. రచయితకూ ప్రచురణకర్తకూ మన గౌరవం మాటల్లో కంటే ఆ కొనుగోలులోనే ఎక్కువ అందుతుంది.

5. గడువు తేదీ వేసుకోండి

గ్రంథాలయం నుంచి తెచ్చిన పుస్తకాన్ని చాలామంది పూర్తి చేస్తారు. సొంత పుస్తకమేమో ఏళ్ల తరబడి సగంలో ఆగిపోతుంది. తేడా ఎక్కడుంది? మొదటి దానికి లోపలి అట్ట మీద తిరిగి ఇవ్వవలసిన తేదీ ఉంటుంది. రెండోదానికి ఏ తేదీ ఉండదు. ఎప్పుడైనా చదవొచ్చన్న పుస్తకం ఎప్పటికీ చదవని పుస్తకమే.

ఇంట్లో చదివే ప్రతి పుస్తకానికీ ఒక చీటీ అంటించండి. మొదలుపెట్టిన తేదీ, ముగించవలసిన తేదీ రాయండి. గడువు దాటితే జరిమానాగా కొంత డబ్బును పుస్తకాల సొమ్ములో వేయండి. పిల్లలకు ఈ ఆట ఎంతో నచ్చుతుంది. అమ్మానాన్నల జరిమానా వసూలు చేసే పని వాళ్లకే అప్పగించండి!

గ్రంథాలయాలకు ఇంకో మంచి అలవాటుంది. వచ్చిన ప్రతి పుస్తకాన్నీ వరుస సంఖ్యతో రిజిస్టరులో ఎక్కిస్తాయి. మీరూ ఒక నోటు పుస్తకం పెట్టండి. పుస్తకం పేరు, రచయిత, ముగించిన తేదీ రాశాక మూడే వాక్యాలు రాయండి. ఇందులో నాకు కొత్తగా తెలిసిందేమిటి? నేను ఒప్పుకోనిదేమిటి? దీని వల్ల నేను చేయబోయే పని ఏమిటి? ఈ మూడో ప్రశ్న వదలకండి. వ్యక్తిత్వం మారేది అక్కడే. పొదుపు గురించి చదివినవాడు ఆ నెల ఖర్చులు రాసుకోవాలి, ఆరోగ్యం గురించి చదివినవాడు మర్నాడు పొద్దున నడవాలి, మంచి నవల చదివినవాడు తన ఇంట్లో మాట్లాడని మనిషితో ఒక మాట మాట్లాడాలి.

6. ఒకే వరుసలో ఆగిపోకండి

ఇరవయ్యో శతాబ్దం మొదట్లో తెలుగువాడికి కావ్యాలు, పురాణాలు ఉన్నాయి. చరిత్ర, విజ్ఞాన శాస్త్రాలు తన భాషలో చదువుకోవాలంటే మాత్రం పుస్తకాలు చాలా తక్కువ. ఆ లోటు తీర్చాలని కొమర్రాజు లక్ష్మణరావు గారు, మిత్రులు 1906లో హైదరాబాదులో విజ్ఞాన చంద్రికా మండలి పెట్టారు. అది 1908లో మద్రాసుకు తరలివచ్చింది. గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారు రాసిన అబ్రహాం లింకన్ జీవిత చరిత్ర మండలి తొలి ప్రచురణ. ఆ తరువాత చరిత్రలు, శాస్త్ర గ్రంథాలు, నవలలు వరుసగా వచ్చాయి. పాఠకుడికి నచ్చేదీ ఇచ్చారు, అవసరమైనదీ ఇచ్చారు.

ఈ సమతూకం మీరూ పాటించండి. ప్రతి మూడు పుస్తకాల్లో ఒకటి హాయి కోసం, ఒకటి మీ వృత్తి కోసం, ఒకటి మీకు బొత్తిగా తెలియని విషయం మీద. వ్యక్తిత్వ వికాసం పుస్తకాలే చదివేవారికి ముఖ్యంగా చెబుతున్నాను: విజయ సూత్రాల పుస్తకం పది చదివాక పదకొండోదాని బదులు ఒక ఆత్మకథ తీయండి. ఒక మనిషి తప్పులు చేస్తూ, భయపడుతూ, నిలదొక్కుకుంటూ బతికిన బతుకును చదివితే సూత్రాలన్నీ ఒంటికి పడతాయి.

7. ఒక్కరే చదువుకోకండి

1919 నవంబరు 14న మద్రాసు గోఖలే హాలులో అఖిల భారత పౌర గ్రంథాలయ మహాసభ జరిగింది. దాన్ని జరిపించింది బెజవాడలో పుట్టిన ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం. ఆ సంఘం వెనుక గ్రంథాలయోద్యమ నాయకుడు అయ్యంకి వెంకటరమణయ్య గారి పట్టుదల ఉంది. ఏటా నవంబరు 14 నుంచి 20 దాకా మనం జరుపుకునే గ్రంథాలయ వారోత్సవాలకు మూలం ఆ రోజే. ఆనాటి గ్రంథాలయ ఉద్యమంలో ఊరి గ్రంథాలయమంటే పుస్తకాల బీరువా ఒక్కటే కాదు. అక్షరం రానివాళ్లకు పత్రిక చదివి వినిపించేవారు, రాత్రి బడి నడిపేవారు. ఒకరు చదివితే పదిమందికి చేరేది.

ఈ పద్ధతి ఇవాళ చెన్నైలోని తెలుగు ఇళ్లకు మరీ అవసరం. ఇంట్లో చక్కగా తెలుగు మాట్లాడే పిల్లల్లో చాలామందికి తెలుగు చదవడం రాదు. 2006 చట్టంతో తమిళనాడు బడుల్లో ఒకటో తరగతి నుంచి తమిళం దశలవారీగా తప్పనిసరి పాఠ్యాంశమైంది. తమిళం నేర్చుకోవడం మంచిదే, ఈ నేల భాష అది. తెలుగు అక్షరాల బాధ్యత మాత్రం ఇప్పుడు ఎక్కువగా ఇంటి మీదే పడింది.

భయపడకండి. భాష ముందే వచ్చిన పిల్లలకు లిపి నేర్పడం పెద్ద పని కాదు. రోజుకు పది నిమిషాలు చాలు. మొదట వాళ్ల పేరు, అమ్మ పేరు, ఇష్టమైన తిండి పేర్లు రాసి చూపండి. తరువాత పెద్ద అక్షరాల బొమ్మల కథ ఒకటి తీసి, మీరు చదువుతుంటే పిల్లవాడి వేలు అక్షరాల వెంట కదలనివ్వండి. 1947లో ఈ మద్రాసులోనే పుట్టిన చందమామ పాత సంచికలు దొరికితే అంతకన్నా మంచి వాచకం లేదు. కొన్నాళ్లకు పాత్రలు మార్చండి. పిల్ల చదవాలి, అమ్మమ్మ వినాలి. పిల్ల బడిలో చదివిన తమిళ కథను ఇంట్లో తెలుగులో చెప్పాలి. రెండు భాషల పుస్తకాలూ చదవగలగడం చెన్నై తెలుగువారికి దక్కిన బలం. దాన్ని సగానికి తగ్గించుకోవద్దు.

పిల్లలు లేని ఇంటికి స్నేహితులున్నారు. ఇద్దరు చాలు. నెలకొక పుస్తకం ఇద్దరూ చదివి, ఒక సాయంత్రం కలిసి మాట్లాడుకోండి. ఎవరో అడుగుతారని తెలిస్తే చదువు ఆగదు.

ఈ వారమే చేయవలసినవి

సోమవారం ఇంట్లోని పుస్తకాలన్నీ తీసి ఒకదాన్ని ఎంచుకోండి. మంగళవారం చదివే వేళ, చోటు నిర్ణయించి ఇంట్లోవాళ్లకు చెప్పండి. బుధవారం పుస్తకానికి గడువు చీటీ అంటించి సంచీలో వేసుకోండి. గురువారం నోటు పుస్తకం కొని మొదటి పేజీలో ఆ పుస్తకం పేరు రాయండి. శుక్రవారం ఒక స్నేహితుడికి ఫోన్ చేసి తోడు రమ్మనండి. శనివారం ఇద్దరూ దగ్గర్లోని గ్రంథాలయానికి వెళ్లి సభ్యత్వానికి ఏ కాగితాలు కావాలో, ఏ పుస్తకాలు ఇంటికిస్తారో, ఏవి అక్కడే చదవాలో కౌంటరులో అడిగి తెలుసుకోండి. తెలుగు పుస్తకాల అర ఎక్కడుందో కూడా అడగండి. అడిగేవాళ్లుంటేనే ఆ అర నిండుతుంది. ఆదివారం పది నిమిషాలు ఇంట్లో అందరికీ వినబడేలా చదవండి.

పుస్తకం ముగిశాక దాన్ని మళ్లీ అలమరాలో పెట్టి తాళం వేయకండి. అది ఎవరికి పనికొస్తుందో ఆలోచించి, గడువు చీటీ మార్చి వాళ్ల చేతికివ్వండి. పడవలో పుస్తకాలు పంపినవారూ, గోఖలే హాలులో సభ పెట్టినవారూ కోరుకున్నది ఇదే. వాళ్ల పనిని మీ వీధిలో కొనసాగించడానికి పదవి అక్కర్లేదు, విరాళం అక్కర్లేదు. మీరు చదివిన ఒక పుస్తకం, దాన్ని అందుకునే ఒక మనిషి ఉంటే చాలు.